హంటింగ్టన్స్ వ్యాధి: ఇంట్లో రోజు నడిపే పద్ధతి

మా ఆయన బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద ఇరవై రెండేళ్ళు పనిచేశారు. ఇనుప కడ్డీని చేత్తో తడిమి, వెంట్రుకవాసి ఎక్కువుందో తక్కువుందో చెప్పేసేవారు. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. చేతులు, భుజాలు, కనుబొమలు వాటంతటవే కదులుతుంటాయి. హంటింగ్టన్స్ అంటే అదే, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే మెదడు జబ్బు. ఇంటికొచ్చినవాళ్ళంతా ఆ కదలికల గురించే అడుగుతారు. ఏడేళ్ళుగా దగ్గరుండి చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా, ఇంట్లోవాళ్ళని అలసిపోయేలా చేసేవి అవి కావు. తిండి, కోపం, పడిపోవడం. మన చేతిలో ఉన్న పని కూడా ఎక్కువగా ఈ మూడింటిలోనే ఉంది. మీ ఇంట్లో ఈ జబ్బు కొత్తగా బయటపడి ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతుంటే, నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను. మందులూ మోతాదులూ మాత్రం మీ న్యూరాలజిస్టు మాటే.

ముందు జబ్బు పేరు తేల్చుకోండి

మా అత్తగారికీ ఇదే ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో ఊళ్ళో గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు. ఆవిడ పోయాక ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. మీ ఇంట్లో కూడా "మా నాన్నకీ చివర్లో నడక తూలేది", "మా మేనత్తకి మతి తప్పింది" లాంటి కథలుంటే, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఎవరికి, ఏ వయసులో, ఎలా మొదలైందో డాక్టర్‌కి చెప్పడం స్కానింగ్ రిపోర్టులంత ముఖ్యం.

చాలామంది "మేనరికం చేసుకున్నారు కదా, అందుకే" అనేస్తారు. ఈ జబ్బుకీ మేనరికానికీ సంబంధం లేదు. తల్లికో తండ్రికో, ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడా మగా తేడా లేదు. అమెరికాలో జార్జ్ హంటింగ్టన్ అనే డాక్టర్ 1872లోనే దీని గురించి వివరంగా రాశాడు. జన్యువును పట్టుకున్నది మాత్రం 1993లో. అది నాలుగో క్రోమోజోము మీద ఉంటుంది. అందులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో రక్తపరీక్షలో లెక్కపెడతారు. 26 దాకా మామూలే. 40, ఆ పైన ఉంటే జబ్బు వస్తుంది. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 27 నుంచి 35 ఉన్నవారికి జబ్బు రాదుగానీ, వాళ్ళ పిల్లల్లో ఆ అంకె పెరిగే అవకాశం ఉంది.

హైదరాబాద్‌లో ఉండటం ఇక్కడ మనకు కలిసొస్తుంది. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీతో పాటు మెడికల్ జెనెటిక్స్ విభాగం కూడా ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు పరీక్షలకు పేరున్న సంస్థ. రోగి వయసు తక్కువైతే విల్సన్స్ వ్యాధి కాదని కూడా తేల్చమని అడగండి. ఒంట్లో రాగి పేరుకుపోయి వచ్చే జబ్బు అది, చేతులూ మాటా ఇలాగే పట్టు తప్పుతాయి. తేడా ఏమిటంటే దానికి పనిచేసే మందుంది.

ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో "ఈమధ్య కాస్త ఎక్కువైందండీ" అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. వారానికోసారి బరువు, ఎన్నిసార్లు పడ్డారు, ఎన్నిసార్లు పొలమారింది, రాత్రి నిద్ర ఎలా ఉంది, కోపం వస్తే దానికి ముందు ఏం జరిగింది, ఇవి రాయండి. తేదీ, టైము, ఒక్క లైను చాలు.

నేను మూడు వారాలు రాశాక ఒక సంగతి బయటపడింది. మా ఇంట్లో గొడవలన్నీ పదకొండూ పదకొండున్నర మధ్యే. ఏడున్నరకి టిఫిన్ పెట్టి ఒంటిగంట దాకా ఏమీ పెట్టేదాన్ని కాదు. ఆకలేస్తోందని చెప్పడం ఆయనకు రావట్లేదు, కోపం మాత్రం వస్తోంది. పదిన్నరకి ఒక గిన్నెడు గట్టి జావ మొదలుపెట్టాక సగం గొడవలు ఆగిపోయాయి. మాత్ర ఒక్కటీ పెంచలేదు.

తిండి: ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టండి

ఈ జబ్బులో మనిషి చిక్కిపోతాడు. ఒళ్ళు రోజంతా కదులుతుంటుంది కాబట్టి అనుకుంటాం గానీ, కదలికలు తక్కువున్నవాళ్ళు కూడా బరువు తగ్గుతారు. కొందరికి రోజుకు 4000 కేలరీల దాకా కావాల్సొస్తుంది, అంటే మామూలు మనిషి తిండికి దాదాపు రెట్టింపు. మూడు పూటల్లో అంత తినడం ఎవరి వల్లా కాదు. ఐదారు పూటలు చేయండి, ప్రతి పూటా కాస్త నెయ్యి పడేలా చూడండి. షుగర్, కొలెస్ట్రాల్ ఉంటే ఎంత వేయాలో డాక్టర్‌ని అడగండి.

రెండో సమస్య మింగడం. మన ఇళ్ళల్లో ఎవరికైనా పొలమారితే ఏం చేస్తాం? నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం, గబుక్కున నీళ్ళ గ్లాసు అందిస్తాం. ఈ జబ్బులో ఆ గ్లాసే ప్రమాదం. పల్చటివి గొంతులో వేగంగా జారతాయి, శ్వాసనాళం మూసుకునేలోపే అటు వెళ్ళిపోతాయి. నీళ్ళు, చాయ్, చారు, పల్చటి మజ్జిగ, అన్నీ అంతే. అలా ఊపిరితిత్తుల్లోకి పోయినవాటి వల్ల న్యుమోనియా వస్తుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ ప్రాణం తీసేది ఎక్కువసార్లు అదే. దగ్గు రాకుండా కూడా లోపలికి పోవచ్చు. తిన్నాక గొంతు గరగరలాడుతున్నా, మాటిమాటికీ జ్వరం వస్తున్నా అనుమానించండి.

స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవాళ్ళు అనుకునేదాన్ని. మింగడం పరీక్ష చేసేదీ వాళ్ళే. పొలమారడం మొదలైన నెలలోనే తీసుకెళ్ళండి. గడ్డం కిందికి దించి మింగడం లాంటి చిట్కాలు ఒకరికి పనికొస్తాయి, ఇంకొకరికి పనికిరావు. వాళ్ళు చూసి చెబితేనే చేయించండి.

మా కంచంలో ఏముంటుందో చెబుతాను. మెత్తగా వండిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపి చెంచాతో మెదుపుతాను. గడ్డపెరుగు అన్నం కూడా అంతే. ఇడ్లీ పొడిగా ఇవ్వను, సాంబారులో తేలేస్తే ఇంకా కష్టం. నోట్లో ముక్క ఒకవైపు, నీళ్ళు ఒకవైపు పోతాయి. గట్టి పప్పులో మెదిపి పెడితే సాఫీగా దిగుతుంది. సపోటా, అరటిపండు పాలతో గట్టిగా మిక్సీ పట్టొచ్చు. జంతికలు, కారప్పూస, మరమరాలు, వేయించిన పల్లీలు, పొడులు ఇంట్లోంచే తీసేశాను, ఎదురుగా ఉంటే ఆయన ఆగరు కాబట్టి. ఆవకాయ మాత్రం తీయలేకపోయాను. ముక్కా పీచూ లేకుండా ఊట ఒక్కటే ముద్దపప్పులో కలుపుతా. అదీ లేకపోతే ఆ పూట తిండే లేదు. ఇలాంటి చోట రూల్స్ పట్టుకుని కూర్చుంటే బరువు ఇంకో కిలో తగ్గుతుంది, అంతకుమించి ఏమీ రాదు.

నీళ్ళు చిక్కబరిచే పొడి మెడికల్ షాపుల్లో చెప్పి తెప్పించుకోవచ్చు. ఎంత చిక్కగా అన్నది థెరపిస్టు చూపిస్తారు. మే నెల ఎండల్లో దీని మీద ప్రత్యేకంగా కన్నేయండి. చిక్కటి నీళ్ళు ఎవరూ ఇష్టంగా తాగరు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది, మలబద్ధకం వస్తుంది, దానితో చిరాకు పెరుగుతుంది. గట్టి లస్సీ, చిక్కటి రాగి జావ, చిక్కబరిచిన పుచ్చకాయ గుజ్జు, ఏదో రూపంలో గంటకోసారి అందించండి.

తినేటప్పుడు టీవీ కట్టేయండి. "బాగుందా?" అని అడగడం కూడా వద్దు, జవాబు చెప్పబోయి పొలమారుతుంది. వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. అంచు ఎత్తుగా ఉన్న బరువైన స్టీలు కంచం తీసుకుని, కింద తడి గుడ్డ పరిస్తే జరగదు. పిడి లావుగా ఉన్న చెంచా మంచిది. మామూలు చెంచాకి పాత సైకిల్ గ్రిప్పు తొడిగింది మా ఆయనే, చేతులు ఇంకా కాస్త మాట వినే రోజుల్లో. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. నోరు కడిగించండి, బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి.

నిజంగా గొంతుకి అడ్డం పడితే: దగ్గు వస్తున్నంతసేపు దగ్గనివ్వండి. దగ్గూ మాటా రెండూ ఆగిపోతే, పక్కన నిలబడి ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేయి అడుగుభాగంతో ఐదుసార్లు గట్టిగా చరచండి. ఊడిపడకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. బయటపడేదాకా ఇవి రెండూ మార్చి మార్చి చేయండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. దీన్ని ఇంట్లో అందరూ ఒకసారి నేర్చుకుని ఉండాలి, పదేళ్ళు దాటిన పిల్లలతో సహా.

కోపం, మొండితనం

ఈ జబ్బులో మెదడు లోపల స్ట్రయేటం అనే భాగం ముందుగా దెబ్బతింటుంది. చేతులూ కాళ్ళే కాదు, ఒక ఆలోచన వదిలి ఇంకోదానికి మారడం, ఆగడం, ఓపిక పట్టడం కూడా దాని మీదే ఆధారపడ్డ పనులు. అందుకే ఒకే మాట పొద్దుటి నుంచి రాత్రి దాకా పట్టుకుంటారు. అడిగింది క్షణంలో కావాలంటారు. ఇది తెలిసిన రోజు నాకు సగం బరువు దిగింది, ఎందుకంటే అప్పటిదాకా నన్ను సాధించడానికే అలా చేస్తున్నారనుకున్నా.

వాదించకండి. ఇంకో సంగతి, తన ఒళ్ళు కదులుతోందని చాలామందికి తెలియనే తెలియదు. "నాకేమైంది, బాగానే ఉన్నాను" అంటారు. అది బుకాయింపు కాదు, జబ్బులో భాగం. ఒకసారి నేను ఫోన్లో వీడియో తీసి "చూడండి ఎలా ఊగుతున్నారో" అని చూపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వీడియో తీయండి, డాక్టర్‌కి చూపించండి. ఆయనకు వద్దు.

"టిఫిన్ ఏం చేయమంటారు?" అని అడిగితే జవాబు రాదు. "ఇడ్లీనా, ఉప్మానా?" అంటే వస్తుంది, అదీ ఆలస్యంగా. అడిగి మనసులో పది లెక్కపెట్టండి. మధ్యలో మళ్ళీ అడిగితే ఆయన మళ్ళీ మొదటికొస్తారు. "కాసేపట్లో పెడతా" అనే మాట కూడా పనికిరాదు, ఆ కాసేపు ఎంతో వాళ్ళకి అందదు. "కుక్కర్ మూడు విజిల్స్ వేశాక" అంటాను నేను. విజిల్స్ ఆయనే లెక్కపెట్టుకుంటారు. రోజూ లేచే టైము, స్నానం, నడక, పడక, ఏదీ మారకుండా చూడండి. మారాల్సొస్తే ముందురోజే తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మన ఊళ్ళో చప్పుడు ఒక పెద్ద సమస్య. బోనాలప్పుడు, వినాయక నిమజ్జనమప్పుడు, బరాత్‌లో డీజే వెళ్తున్నప్పుడు ఆయన గోడకేసి తల కొట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు నిమజ్జనం ముందురోజే కీసర దగ్గర మా అక్క వాళ్ళింటికి వెళ్ళిపోతాం. వెళ్ళే చోటు లేకపోతే, వీధికి దూరంగా ఉన్న గది, ఫ్యాను, ఆయనకు అలవాటైన పాటలు, అంతే.

కోపం కాక, ఊరికే కూర్చుండిపోవడం ఇంకొకటి. బద్ధకం అనుకుని తిట్టకండి. పని మొదలుపెట్టడమే వాళ్ళకి చేతకాదు. మీరు రెండు చిక్కుడుకాయలు ఒలిచి గిన్నె చేతికిస్తే మూడోది వాళ్ళే ఒలుస్తారు.

డిప్రెషన్ ఇందులో చాలామందికి వస్తుంది, చచ్చిపోవాలన్న ఆలోచనా వస్తుంది. జబ్బు పేరు తెలిసిన కొత్తలోనూ, ఉద్యోగం, బండి లాంటివి వదులుకునే సమయంలోనూ మరీ జాగ్రత్త. ఆ మాట నోటి నుంచి వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, నేరుగా అడగండి. మందుల డబ్బా, పురుగుల మందు తాళం వేసి ఉంచండి. అదే రోజు డాక్టర్‌కి చెప్పండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మనకి కూడా. నేను చేశాను.

పడిపోకుండా

ఇల్లంతా ఒకసారి ఆయన నడిచే దారిలో మీరు నడిచి చూడండి. మా ఇంట్లో ఎక్కువసార్లు పడేసింది గడప. గడప తీయించకూడదని మా పెద్దవాళ్ళు, సరేనని రెండు వైపులా వాలుగా చెక్క కొట్టించాం. పసుపు రాసే పక్క అలాగే ఉంది, కాలు తగలడం లేదు. ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, ఒక్క ఊపుకి వెనక్కి పోతాయి. చేతులున్న బరువైన చెక్క కుర్చీ గోడకి ఆనించి వేయండి. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ, కింద రబ్బరు మ్యాట్, కూర్చుని పోసుకోవడానికి కుర్చీ ఉండాలి. లుంగీ కాళ్ళకి చుట్టుకుంటుంది, ఎలాస్టిక్ ప్యాంటు మేలు. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. మంచం మీంచి పడుతుంటే పరుపు నేల మీద వేసి, గోడవైపు దిండ్లు పేర్చండి.

కదులుతున్న చేతిని పట్టి ఆపాలని చూడకండి, ఇంకా ఎక్కువవుతుంది. చంకలో చేయి వేసి లాగితే ఇద్దరూ పడతారు. పడ్డ మనిషిని నేల మీంచి ఎలా లేపాలో ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోండి, మీ నడుము కోసం. బండి తాళాలు తొందరగానే తీసుకోవాల్సొస్తుంది. మా ఇంట్లో ఆ మాట నేను చెప్పలేదు, డాక్టర్‌తో చెప్పించాను. కోపం డాక్టర్ మీదికి పోయింది.

మందులు

జబ్బును ఆపే మందు ఇంకా రాలేదు. ఎవరైనా ఆపుతామంటే డబ్బు జాగ్రత్త. కదలికలను తగ్గించడానికి టెట్రాబెనజిన్ వాడతారు, తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మగత వస్తుంది, డిప్రెషన్ కూడా తేవచ్చు, కాబట్టి మనసు బాగాలేని మనిషికి ఇచ్చేముందు ఆ సంగతి డాక్టర్‌కి తెలియాలి. ఓలాంజపిన్ లాంటివి కోపాన్ని, కదలికలను రెంటినీ తగ్గించి బరువు పెంచుతాయి, ఇక్కడ అది లాభమే. కదలికలు ఆయనకు ఇబ్బంది పెట్టకపోతే, చూసేవాళ్ళ కోసం మందు వేయించకండి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు. టెట్రాబెనజిన్ మా వీధి షాపులో ఎప్పుడూ ఉండదు, కోఠి నుంచి తెప్పిస్తారు, అందుకే పది రోజుల మాత్రలు మిగిలుండగానే చెబుతాను.

బయటికి వెళ్ళేటప్పుడు

ఒకసారి ఒక ఇరానీ హోటల్లో తాగొచ్చారని చాయ్ ఇవ్వకుండా పంపేశారు. మర్నాడే చిన్న కార్డు రాసి లామినేషన్ చేయించాను: "నేను తాగలేదు. నాకు హంటింగ్టన్స్ అనే నరాల జబ్బు ఉంది. నడక, మాట తూలుతాయి. ఈ నంబరుకి ఫోన్ చేయండి." ఒకవైపు తెలుగు, ఉర్దూ, రెండోవైపు ఇంగ్లీషు. చొక్కా జేబులో ఒకటి, ప్యాంటు జేబులో ఒకటి.

కాగితాలు

వికలాంగుల సర్టిఫికెట్‌కి ఎలా దరఖాస్తు చేయాలో మీసేవలో అడగండి. 40 శాతం, ఆ పైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. జబ్బు కాస్త ముదిరాక కాక, పని మానేసినప్పుడే మొదలుపెట్టండి, తిరగడానికి ఆయనకు ఓపికుండగా. ఆదాయపు పన్నులో వైద్య ఖర్చుల మినహాయింపుకి ఉన్న జబ్బుల జాబితాలో కొరియా పేరు ఉంది. ఈ కదలికలకు డాక్టర్లు వాడే పేరే అది. పాత విధానంలో రిటర్న్ వేసేవాళ్ళు తమ ఆడిటర్‌ని అడగాలి.

పిల్లల సంగతి

లక్షణాలు లేని పిల్లలకి పద్దెనిమిది నిండకుండా పరీక్ష చేయరు, చేయించకూడదు కూడా. నిండాక అది వాళ్ళ నిర్ణయం, మనదీ కాదు, రేపు సంబంధం కలుపుకునేవాళ్ళదీ కాదు. పరీక్షకి ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పనిసరిగా ఉండాలి. మా మరిది చేయించుకోనన్నాడు. మా అమ్మాయి ఇంకా ఆలోచిస్తోంది. నేను అడగడం మానేశాను.

మాట ఉండగానే అడగాల్సినవి

మాట ముందు ముద్దగా అవుతుంది, తర్వాత పోతుంది. అంతకుముందే కూర్చుని అడగండి: మింగలేని రోజు వస్తే పొట్టలోకి ట్యూబు పెట్టించుకుంటారా, వెంటిలేటర్ కావాలా వద్దా, డబ్బు విషయాలు ఎవరు చూడాలి. ఒక్కరోజులో తేలదు. మేము నాలుగు ఆదివారాలు మాట్లాడుకున్నాం, పది నిమిషాలకి మించకుండా. చికిత్స గురించిన కోరికలను ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు సంతకం చేసి, నోటరీ ధ్రువీకరిస్తే సరిపోతుంది. మా ఆయన సంతకం పేజీ సగం దాకా పాకింది, నోటరీ ఏమీ అనలేదు. దాని ఫొటో నా ఫోన్లో, మరిది ఫోన్లో ఉంది. అసలుది ఫ్రిజ్ మీది ఫైల్లో, నోట్‌బుక్ కింద ఉంటుంది.